రిపోర్ట్ ఏమీ లేదు

భద్రాచలం వెళ్లొచ్చానని తెలియగానే మా అపార్టుమెంటులో ముగ్గురు ప్రసాదం అడిగారు. మా పెద్దాడపడుచు ఫోన్ చేసి దర్శనం బాగా అయిందా అంది. గోదావరి వంతెన మీద నుంచి గుడి గోపురాన్ని రెండుసార్లు చూశాను, వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి. అంతే. అంత దూరం వెళ్లి లోపలికి వెళ్లకుండా వచ్చినదాన్ని నన్నే చూశానంది ఆవిడ. నేను వెళ్లింది రక్తం కోసమని చెప్పేసరికి ఎవరి రక్తం అంది.

నేను హైదరాబాదులో ఒక పరిశోధనాశాలలో పనిచేస్తాను. మాది తెనాలి. నెలలు నిండకుండా బిడ్డలు ఎందుకు పుడతారో, పుట్టబోతున్నారని ముందే ఎలా తెలుసుకోవాలో చూడడం మా పని. రక్తంలో వేల రకాల ప్రొటీన్లు తిరుగుతుంటాయి. ముందే కాన్పు కాబోయే తల్లి రక్తంలో, కాన్పుకు కొన్ని వారాల ముందే, వాటిలో కొన్ని పెరుగుతాయనీ కొన్ని తగ్గుతాయనీ మా అనుమానం. పాలు పొంగేముందు గిన్నె అంచున సన్నగా నురగ కడుతుంది చూడండి, అలాంటిదన్నమాట. ఆ నురగ ఏదో కచ్చితంగా తెలిస్తే తల్లిని ముందుగానే ఆస్పత్రి దగ్గర ఉంచవచ్చు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే సూదిమందు వేయవచ్చు. ఇంకా తెలియలేదు. వెతుకుతున్నాం.

అందుకోసం గోదావరి అవతలి అడవి పల్లెల్లో కొందరు గర్భిణుల రక్తం తీసుకున్నాం. ఒక్కొక్కరి దగ్గర రెండుసార్లు తీయాలి. మొదటి నెలల్లో ఒకసారి, ఏడో నెలలో మరోసారి. అందరి కాన్పులూ అయ్యాక, నెలలు నిండి కన్నవాళ్లది ఒక పక్క, ముందే కన్నవాళ్లది ఒక పక్క పెట్టి, ఒకేసారి కొలుస్తాం. అప్పటిదాకా రక్తం ఫ్రీజరులో ఉంటుంది. రెండో విడతకు వెళ్లవలసిన టెక్నీషియన్ పెళ్లి సెలవు పెట్టాడు. నేను వెళ్తానన్నాను. సూది గుచ్చడం నాకు కొత్త కాదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పనే చేసేదాన్ని. పైగా ఇన్నేళ్లూ ట్యూబుల మీద నంబర్లు చూశానే గాని, ఆ రక్తం ఎవరిదో ఒక్కసారీ చూడలేదు.

బయల్దేరే ముందు అక్కడి ఆశా కార్యకర్త సరోజ ఫోన్ చేసింది. "మేడం, అందరు ఒక లెక్క, కన్నమ్మ ఒక లెక్క. ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు, ఇద్దరూ నెల తక్కువనే. ఒక్కరు గూడ దక్కలే. ఇప్పుడు మూడోది, ఏడో నెల పడ్డది. ఆమెను జర మంచిగ చూడాలె మీరు" అంది. చూస్తానని మాటిచ్చాను.

ఖమ్మం

రైలు దిగి స్టేషను బయటికి వచ్చీ రాగానే తుమ్మడం మొదలుపెట్టాను. మార్చి నెల, ఊరంతా ఎండుమిర్చి. మార్కెట్టు వైపు పోయే లారీల నిండా ఎర్రటి బస్తాలు. నన్ను తీసుకెళ్లడానికి జీపు తెచ్చిన బాలు ఇల్లందు దగ్గర తండా మనిషి. ముప్పై ఏళ్లుంటాయి, ఊరికే నవ్వుతాడు.

"ఏంది మేడం, దిగంగనే గిట్లయితుండ్రు?"

"మాది గుంటూరు పక్కన తెనాలి బాబూ. మిరపకాయ మాకేం కొత్త కాదు" అని గొప్పగా చెప్పబోయాను. మధ్యలో నాలుగు తుమ్ములు వచ్చాయి. బాలు మర్యాదగా అద్దాలెత్తాడు.

ఊరు దాటుతుండగా సామాను చూసుకున్నాను. ఐస్ పెట్టె ఉంది, సూదులున్నాయి, దూది ఉంది, ట్యూబుల పెట్టె లేదు. రక్తం కోసం ఇంత దూరం వచ్చి, రక్తం పోసుకునేవే ఇంట్లో గుమ్మం పక్కన మరిచిపోయి వచ్చాను. ఆఫీసుకు ఫోన్ చేసి, తప్పు నాదే అయినా, ఫోన్ ఎత్తిన పాపానికి అవతలి పిల్లను విసుక్కున్నాను. మర్నాడు పొద్దున మణుగూరు రైల్లో వచ్చేవాళ్లెవరితోనో వేరే పెట్టె పంపిస్తానంది. కొత్తగూడెంలో తీసుకోవాలి.

ఇల్లందు

టిఫిన్‌కు ఇల్లందులో ఆగాం. బొగ్గు గనుల ఊరు. డ్యూటీ దిగిన మనుషులు మోటారు సైకిళ్ల మీద వచ్చి, హెల్మెట్టు ట్యాంకు మీదే పెట్టి, నిలబడే చాయ్ తాగి పోతున్నారు. పూరీ ప్లేటు ముప్పై రూపాయలు, నాలుగు పూరీలు. మా వైపు పూరీలోకి శనగపిండి కూర వేస్తారు, ఇక్కడ ఆలుగడ్డ కూరా, పక్కన పల్లీ చట్నీ. చట్నీలో ఎన్ని మిరపకాయలు వేశారో అడిగే ధైర్యం చేయలేదు.

హోటలు నడిపే ఆవిడకు అరవై దగ్గర ఉంటాయి. ఐస్ పెట్టె చూసి "ఐస్ క్రీమా?" అంది. కాదు, కడుపుతో ఉన్నవాళ్ల రక్తం తీసుకెళ్లడానికి అని చెప్పాను. ఎందుకంది. నెల తక్కువ పిల్లలు పుట్టే సంగతి రక్తంలో ముందే తెలుస్తుందేమో చూస్తున్నామన్నాను.

"మా రెండోడు నెల తక్కువోడే" అంది పూరీ వత్తుతూనే. "గింతే ఉండె, నా అరచెయ్యంత. పాత చీరల చుట్టి రెండు నెలలు నా రొమ్ము మీదనే పండవెట్టుకున్న. గిప్పుడు బొగ్గుబాయిల చేస్తడు. తలుపుకు అడ్డం నిలవడితె ఎల్తురు రాదు."

పక్క బల్ల మీద ఉన్న బాలు "అవ్ మేడం, మా దోస్తే. పోయినేడు కబడ్డీల నా చెయ్యి ఇరగ్గొట్టిండు" అన్నాడు.

అందరం నవ్వాం. మరో పూరీ ఊరికే వేసింది. ఇలా బతికి బట్టకట్టినవాళ్ల కథలే మనకు వినబడతాయి. బతకని పిల్లల గురించి హోటల్లో ఎవరు చెప్తారు? ఆ పూట నాకు అంత తోచలేదు, కడుపు నిండా తిని హుషారుగా జీపెక్కాను.

కొత్తగూడెం

రాత్రి కొత్తగూడెం లాడ్జిలో పడుకుని, పొద్దున్నే స్టేషనుకు వెళ్లాను. ఈ స్టేషను పేరు భద్రాచలం రోడ్. ఆ చివరి మాట పట్టించుకోనివాళ్లు రోజూ కొందరు దిగుతారట. నేను వెళ్లిన రోజు తణుకు నుంచి వచ్చిన దంపతులు దిగారు. ఆవిడ చేతిలో కొబ్బరికాయల సంచి.

"గుడెటండీ?" అని నన్నడిగింది.

గుడి ఇంకా చాలా దూరం, గోదావరి దాటాలి, బస్సెక్కాలి అని చెప్పాను. ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "పేరు చూసి దిగిపోదామన్నారు కదా! దిగాం కదా! ఇప్పుడు రాముణ్ణి ఇక్కడికే రమ్మనండి" అంది. ఆయన బోర్డు వైపు చూస్తూ "రోడ్డు అని రాశాడులే, అబద్ధమేం రాయలేదు" అన్నాడు. ఆవిడ కోపం నాకు బాగా నచ్చింది, మా ఇంట్లో గొంతులాగే ఉంది. బస్టాండుకు దారి చూపించి, నా ట్యూబుల పెట్టె తీసుకుని బయటపడ్డాను.

బూర్గంపాడు, వంతెన

పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు పక్కలా మిరప చేలు. కళ్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బూర్గంపాడు మండలంలో ఒకచోట ఆగి, చేలో కాయ ఏరుతున్న ఆడవాళ్లను పలకరించాను. నలభై మంది దాకా ఉన్నారు, కొంగులు మూతికి చుట్టుకుని, వంగి. అడవి పల్లెల నుంచి ట్రాలీ ఆటోల్లో వస్తారట. వాళ్లలో ఒకామెకు నిండు పొట్ట. ఎన్నో నెలంటే వేళ్లు చూపించింది, ఎనిమిది.

మా వైపు ఏడో నెల వస్తే గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, పుట్టింటివాళ్లు తీసుకెళ్లిపోతారు. నన్ను మా అమ్మ నాలుగు నెలలు మంచం దిగనివ్వలేదు, నీళ్లచెంబు కూడా అందించేది. ఇక్కడ పొట్ట మీద చెమట తుడుచుకుంటూ ఆమె తర్వాతి సాలుకు వెళ్లిపోయింది. నేను ఫొటో తీద్దామనుకుని ఫోన్ మళ్లీ సంచిలో పెట్టేశాను.

వంతెన కింద గోదావరి ఎండకాలపు గోదావరే, సగం ఇసుక. భద్రాచలంలో సరోజ ఎదురొచ్చింది. కోయ అమ్మాయి, చక్కగా నవ్వే మనిషి, ఆగకుండా మాట్లాడుతుంది. నాకంటే ఎక్కువ మాట్లాడేవాళ్లు తగలడం అరుదు, అందుకని వెంటనే స్నేహమైంది. అడవి పల్లెల నుంచి కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు పెద్ద దవాఖానాలో ఒక గది ఉందనీ, భోజనం కూడా పెడతారనీ, కన్నమ్మను రమ్మని తను పోరుతూనే ఉందనీ దారిలో చెప్పింది. "వస్త వస్త అంటది మేడం. ఆమె అత్త పోనియ్యది. ఇంటి పనికి, చేను పనికి మనిషి ఉండొద్దా?"

అడవి లోపలి దారి

తారు రోడ్డు అయిపోయి మట్టి బాట వచ్చింది. ఇప్పచెట్లు ఆకు రాల్చి నిలబడి ఉన్నాయి. పూలు అప్పుడప్పుడే పడుతున్నాయి, తీపి వాసన. పండగ చేయందే మా వాళ్లు ఏరరు అంది సరోజ. మా ఊళ్లో కొత్త చింతకాయ పచ్చడి దేవుడికి పెట్టందే మా నాయనమ్మ ముట్టేది కాదు. అడవికీ తెనాలికీ ఈ ఒక్కటి కలిసిందని సంతోషపడ్డాను.

మొదటి పల్లెలో ముగ్గురి దగ్గర రక్తం తీయాలి. జీపు ఆగింది. ఐస్ పెట్టె పట్టుకుని నేను దిగాను. ఇళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు లేచారు. లేచి, చూస్తుండగానే, ఇళ్ల వెనక్కి వెళ్లిపోయారు. ఒకామె చేతిలో చేట అక్కడే పడేసి పోయింది. కోళ్లు చేట మీదికెక్కాయి. పెద్ద మేడంలా దిగిన నేను కోళ్ల ముందు నిలబడి ఉన్నాను.

బాలు నవ్వాపుకోలేక స్టీరింగు మీద వాలిపోయాడు. సరోజ అటు వెళ్లి కోయలో పిలిచి, బతిమాలి, ఒకరొకరినే తీసుకొచ్చింది. వచ్చినవాళ్ల కళ్లలో నీళ్లు. మామూలుగా సూదికి భయపడే ఏడుపు కాదది. ఒకామె మా చేతులు పట్టుకుని ఏదో అడుగుతూనే ఉంది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఏం రోగం ఉందో చెప్పమంటుంది మేడం."

అప్పుడు సరోజ అసలు సంగతి చెప్పింది. ఈ పల్లెల్లో జ్వరం వస్తే మలేరియా కోసం వేలు గుచ్చి రక్తం తీసుకునేవారు. ఇప్పుడైతే అక్కడికక్కడే తేలిపోయే కిట్లు వచ్చాయి గాని, వెనకట రక్తం చుక్క గాజు పలక మీద రాసుకుని పట్నం తీసుకుపోయేవారు. మలేరియా ఉంటే ఆ మనిషి మాత్రలు తీసుకుని వెనక్కి వచ్చేవాడు. లేకపోతే ఎవరూ వచ్చేవారు కాదు. మంచి కబురు చెప్పడానికి అడవిలో అంత దూరం ఎవరు నడుస్తారు?

"గందుకే మేడం, రక్తం తీస్కపోయినోళ్లు మళ్ల రాలేదంటే మంచిదే. మళ్లొచ్చిండ్రంటే ఏమో ఉన్నట్టే. ఇదివరకు తీస్కపోయిండ్రు గద మీ సారు. మీరు మళ్లొచ్చేసరికి గుండె పలిగినయి వీళ్లకు" అంది.

హైదరాబాదులో కూర్చుని రెండు విడతలని రాసుకున్నప్పుడు మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు. నవ్వొచ్చింది, సిగ్గేసింది. అందరికీ రెండుసార్లు తీస్తాం, రోగమేం లేదు అని సరోజ చేత పది సార్లు చెప్పించాను. చెప్పిన కొద్దీ వాళ్ల ముఖాలు తేటపడుతుంటే, నాకు చాలా మంచి పని చేస్తున్నట్టు అనిపించింది. ఇక మీదట ప్రతి ఇంట్లో ముందుగా ఇదే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

కన్నమ్మ ఇల్లు

మేం వచ్చిన కబురు మా కంటే ముందే బండి మీద రెండో పల్లెకు చేరింది. అక్కడ ఎవరూ పరిగెత్తలేదు. మొదటి ఇంటి ముందే కన్నమ్మ నిలబడి ఉంది.

ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. తల దువ్వి నూనె రాసుకుంది. ఉతికిన చీర. కాళ్ల దగ్గర తాడుతో గట్టిగా కట్టిన ఎరువుల సంచి. మేం దగ్గరికి రాగానే సంచి భుజాన వేసుకుంది.

"పోదాం పదండి మేడం."

"ఎక్కడికమ్మా?"

"దవాఖానాకు. మీరు మళ్లొచ్చిండ్రు గద."

ఆమె అత్త ముత్తమ్మ గడప మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. పొమ్మనడం లేదు, వద్దనడం లేదు. కన్నమ్మ నా కళ్లలోకి చూసింది. "ఈసారి గూడ నిలవదా? నిజం చెప్పుండ్రి మేడం. నేను ఏడ్వ."

సరోజ ఎన్ని నెలలు పోరినా కదలని మనిషి సంచి కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. మేం వచ్చిన జీపే భద్రాచలం తిరిగి వెళ్తుంది. నేను నోరు మూసుకుని ఆ సంచి జీపులో పెట్టించి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఈ వాక్యం రాయడం చాలా తేలిక.

అప్పుడు నాకు కనబడింది ఒక్కటే, ఈ అమ్మాయి లేనిపోని కబురుకు భయపడుతోంది, ఆ భయం మా వల్ల వచ్చింది, దాన్ని తీసేయాలి. మేం తీసుకునే రక్తం గురించి ఎవరూ తప్పుగా అనుకోకూడదు. అదే నిజాయితీ అనుకున్నాను. ఇందాకటి పల్లెలో ముఖాలు తేటపడడం చూసి వచ్చానుగా, ఆ ఊపులో కూడా ఉన్నాను.

"నిలవదని ఎవరన్నారు? నీ ఒక్కదాని కోసం రాలేదమ్మా. అందరి దగ్గరా రెండుసార్లు తీసుకుంటాం."

"మరి మొన్నటి రక్తం రిపోర్ట్?"

"రిపోర్ట్ ఏమీ లేదమ్మా."

"ఏం లేదా?"

"ఏమీ లేదు. అది ఇంకా కొలవలేదు, అందరి కాన్పులూ అయ్యాక..." అంటున్నాను నేను.

ఆ తర్వాతి మాటలు ఎవరూ వినలేదు. ముత్తమ్మ కొంగు నోట్లోంచి తీసి కోయలో గట్టిగా కేకేసింది. పక్కింటివాళ్లు వచ్చారు, నవ్వులు, నా బుగ్గలు నిమరడం. ఏడవనన్న కన్నమ్మ, సంచి కింద పెట్టి దాని మీదే కూర్చుని ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి. నేను ఎంత మంచిదాన్నో అనుకుంటూ కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడే రక్తం తీశాను. చేయి సన్నగా ఉంది గాని నరం ఒక్క గుచ్చుకే దొరికింది. ఆమె సూది వైపు చూసి "ఎన్ని కావాలంటె గన్ని తీస్కోండి" అంది నవ్వుతూ.

అన్నం తినకుండా వెళ్లడానికి వీల్లేదంది ముత్తమ్మ. కన్నమ్మ ఎరువుల సంచి తాడు విప్పింది. అందులో రెండు చీరలు, దువ్వెన, ఒక స్టీలు గ్లాసు, గుడ్డలో మూటకట్టిన బియ్యం. బిడ్డ కోసం ఏమీ లేదు. మా వైపు కూడా పుట్టకముందు బిడ్డకు ఏమీ కొనరు. ఆ బియ్యం మూట విప్పి ఎసట్లో పోసింది. దవాఖానాలో ఉండడానికని మూట కట్టుకున్న బియ్యం మాకు వండిపెట్టింది. చింతచిగురు పప్పు, ఎండు చేపల పులుసు. రెండోసారి వడ్డించుకున్నాను, పప్పులో పులుపు ఎంత బాగుందో ఆమెకు చెప్పాను కూడా.

చేతులు కడుక్కుంటూ "అయినా ముందుగా దవాఖానాకు వెళ్లి ఉండు కన్నమ్మా, ఎందుకైనా మంచిది" అన్నాను. ఎందుకైనా మంచిది అనేది మబ్బు చూసి గొడుగు తీసుకెళ్లమనేటప్పుడు అనే మాట. ఇద్దరు బిడ్డలు ముందే పుట్టి పోయిన మనిషికి మూడోసారీ అలా జరిగే ప్రమాదం ఎక్కువని చెప్పడానికి ఏ ప్రొటీనూ అక్కర్లేదు, ఆ సంగతి మా పుస్తకాల్లో మొదటి పేజీల్లోనే ఉంటుంది. దాన్ని గట్టిగా, కూర్చోబెట్టి చెప్పవలసింది. నేను గొడుగు మాట చెప్పాను.

"పోత మేడం" అంది కన్నమ్మ. "మిరపకాయ ఇంకొక్క ఏరుడుంది. గది కాంగనె పోత."

తిరుగు దారి

జీపెక్కాక సరోజ వెనక్కి తిరిగి ఆ ఇంటి వైపు చూసింది. తర్వాత తనే "సంచి దాక వచ్చింది గద మేడం, ఎట్లనో తీస్కొస్త తియ్యండి" అంది. నేనూ తలూపాను. మిగతా ఇళ్లన్నీ సాఫీగా అయ్యాయి, ఎవరూ ఏడవలేదు. వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది, గోపురం మీద దీపం వెలిగింది. గుడికి పోదామా అన్నాడు బాలు. ఐస్ కరిగిపోతుంది వద్దన్నాను. భద్రాచలంలో ఒక దుకాణం దగ్గర మాత్రం ఆపించి ఇప్పపూల లడ్డూలు కొన్నాను. ప్రసాదం అడిగినవాళ్లకు తర్వాత అవే పెట్టాను, ఎవరికీ పెద్దగా నచ్చలేదు.

ఇంటికొచ్చాక

ఉగాది వెళ్లాక ఒక మధ్యాహ్నం సరోజ ఫోన్ చేసింది. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడే మనిషి, మేడం అన్న మాట కూడా సరిగ్గా పలకలేదు.

కన్నమ్మకు చేలోనే నొప్పులు వచ్చాయి. కడుపు బరువేమో అనుకుని సాలు చివరిదాకా ఏరింది. తర్వాత ట్రాలీ ఆటోలో ఎక్కించారు. దవాఖానా చేరకముందే ఆడపిల్ల పుట్టింది. సరోజ ఎదురువెళ్లి అందుకునేటప్పటికి పిల్ల ఎగపోస్తోంది. దారిలోనే ఆగిపోయింది. కన్నమ్మ బాగానే ఉంది, ఇంటికి కూడా వెళ్లిపోయింది.

"నేను మూడుసార్లు పోయిన మేడం పిలవడానికి" అంది సరోజ. "రిపోర్ట్ మంచిగున్నది గద, ఎందుకంత తొందర అన్నరు."

ఆ రోజు సాయంత్రమే నేను ల్యాబులో ఈ సంగతి చెప్పాను. నాతో పనిచేసే అతను మంచివాడే, పిల్లల తండ్రి. అయ్యో అన్నాడు. తర్వాత, "అయితే ఆమెవి రెండు విడతల శాంపిళ్లూ ఉన్నాయి కదా? కాన్పుకు కాస్త ముందే తీసింది కూడా. అలాంటివి మనకు చాలా తక్కువ" అన్నాడు. నిజమే. మా వెతుకులాటకు కన్నమ్మ రక్తం ఇప్పుడు అందరిదానికంటే విలువైనది. నేను అతని మీద అరిచాను. అరవవలసింది అతని మీద కాదని అరుస్తుండగానే తెలుసు.

నాలుగు రోజులు ఆగి సరోజకు ఫోన్ చేసి, కన్నమ్మతో ఒక్కసారి మాట్లాడించమన్నాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. ఫోన్‌లో కోళ్ల చప్పుడు, ముత్తమ్మ గొంతు, తర్వాత కన్నమ్మ.

"మంచిగున్నరా మేడం?" అని తనే ముందుగా అడిగింది.

ఉన్నానన్నాను. నువ్వెలా ఉన్నావని అడగలేదు.

"మేడం, మీరు రిపోర్ట్‌ల ఏం లేదన్నరు గద" అంది.

నిందగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది. నేను అన్నది రిపోర్ట్ ఏమీ లేదని. ఆమె విన్నది రిపోర్ట్‌ల ఏమీ లేదని. మధ్యలో ఉన్నది ఒక్క 'ల', మా వైపు 'లో'. ఆ ఇంట్లో కూర్చుని, ఆ అన్నం తిని, ఆ నవ్వులు ఎందుకో నేను ఒక్కసారీ అడగలేదు. నేనలా అనలేదమ్మా అనే మాట గొంతుదాకా వచ్చింది. బిడ్డ పోయిన మనిషికి అక్షరం తేడా చెప్పి నేను బయటపడాలా అనిపించి మింగేశాను.

"అవును కన్నమ్మా. అన్నాను."

ఆమె నన్ను ఓదారుస్తున్నట్టుగా, నెమ్మదిగా అంది.

"పోనీ తియ్యండి మేడం. మీరేం చేస్తరు. రక్తానికి గూడ తెల్వలేదేమో."

ఆ రక్తాన్ని మేం ఇంకా చూడనే లేదు.